సగాలాయన బావి

సగాలాయన పోయాడట. ఆత్మకూరు నుంచి చింతపండు బస్తాలు వేసుకొచ్చిన బండివాడు మా ఇంటి ముందు ఎడ్లను విప్పి, కుడితి పెడుతూ ఆ మాట చెప్పాడు. "బో ముసిలాయన. మంచి రోజు చూసుకోని పోయినాడులే" అని మళ్లీ బండి కట్టుకుని వెళ్లిపోయాడు. నేను అరుగు మీద అట్లాగే కూర్చుండిపోయాను. ఏడుపు రాలేదు సరికదా నవ్వు వచ్చింది. మనిషి పోయాడని విన్నప్పుడు నవ్వకూడదని మా అవ్వ చిన్నప్పుడే నేర్పింది కాబట్టి, కండువా నోటికి అడ్డం పెట్టుకుని నవ్వాను.

ఆయన పేరు ఇక్కడ రాయను. రాస్తే ఆయన మనవళ్లలో సగం మంది మురిసిపోతారు, మిగతా సగం మంది కర్రలు పట్టుకుని నా ఇంటి మీదికి వస్తారు. పేరు లేకపోయినా ఇబ్బందేమీ లేదు. ఉదయగిరిలో గానీ ఆత్మకూరులో గానీ ధాత సంవత్సరం నాటి కరువు చూసిన ముసలివాళ్లను ఎవరినడిగినా, సగాలాయన అంటే ఎవరో చెబుతారు. కొందరు దండం పెట్టి చెబుతారు, కొందరు ఉమ్మేసి చెబుతారు.

ఆయన్ని తలుచుకుంటే నాకు ముందు ముఖం గుర్తు రాదు. కుడిచేతి బొటనవేలి గోరు గుర్తొస్తుంది. ఆ ఒక్క గోరే పెంచేవాడు. తమలపాకు తీసి, పంచెకు రెండు వైపులా తుడిచి, ఈనెకు అటోసారి ఇటోసారి ఆ గోటితో గీసేవాడు. ఆకు రెండు ముక్కలయ్యేది. కుడిపక్క కూర్చున్నవాడికి ఒక ముక్క, ఎడమపక్క కూర్చున్నవాడికి ఒక ముక్క. మిగిలిన ఈనెను తన చెవి మీద పెట్టుకుని, "చూడండి నాయనా, నాకు మిగిలింది ఇదీ" అనేవాడు. ఆ త్యాగానికి కళ్లు తుడుచుకున్నవాళ్లను నేను చూశాను. వక్కను మాత్రం ఆయన ఎప్పుడూ చీల్చలేదు. అది మొత్తం తనే నమిలేవాడు. ఆ సంగతి నేను తప్ప ఎవరూ గమనించినట్టు లేదు.

వీధిలో నడిస్తే సరిగ్గా నడివీధిలోనే నడిచేవాడు. ఎడమ వరస ఇళ్ల నీడలోకి జరిగితే కుడి వరసవాళ్లు ఏమనుకుంటారోనని, మిట్టమధ్యాహ్నం కూడా ఎండలోనే కాళ్లు కాల్చుకుంటూ పోయేవాడు. పెళ్లికి వెళితే పప్పన్నం ఆడపెళ్లివారి పంక్తిలో, పాయసం మగపెళ్లివారి పంక్తిలో. తల ఊపితే అది అవుననో కాదనో ఆయన్ని కన్నతల్లికి కూడా తెలిసేది కాదట. ఎవరే చిక్కు తెచ్చినా ఒకటే మాట. "యాడో ఒక నడిమి దారి ఉండే ఉంటాది నాయనా. ఎతకాల."

ఒకసారి ఒక పల్లెలో అమ్మవారి జాతర మంగళవారం చేయాలని పై వీధివాళ్లు, శుక్రవారం చేయాలని కింది వీధివాళ్లు కొట్టుకునేదాకా వచ్చారు. ఈయన్ని పిలిపించారు. ఈయన వేళ్లు మడిచి లెక్కవేసి, రెంటికీ నడిమధ్య ఏదో చూసి, బుధవారం వెళ్లిపోయి గురువారం వచ్చే నడిరేయి ఘడియలో జాతర అని తీర్పు చెప్పాడు. రెండు వీధులూ భేషన్నాయి. తీరా ఆ ఘడియకు పూజారి నిద్రపోయాడు, డప్పులవాళ్లు నిద్రపోయారు, రెండు వీధులూ గురకపెట్టి నిద్రపోయాయి. గుంజకు కట్టేసిన మేకపోతు ఒక్కటే మేలుకుని ఉంది. ఆ ఏడాదికి దాని ప్రాణం దక్కింది. సగాలాయన తీర్పుల వల్ల నిండుగా బాగుపడిన జీవి నాకు తెలిసి అదొక్కటే.

ఇట్లాంటి మనిషిని నెల్లూరు దొరలు వదులుతారా? రోడ్లకీ బావులకీ అని శిస్తుతో కలిపి రైతు దగ్గర వసూలు చేసే లోకల్ ఫండు సొమ్మును మా వైపు ఎట్లా ఖర్చు పెట్టాలో తేల్చమని, ఉదయగిరి, ఆత్మకూరు తాలూకాలకు కలిపి ఒక కమిటీ వేశారు. అటు నలుగురు, ఇటు నలుగురు. ఇరువైపులా సమానమైతే ఏ పనీ తెమలదని నడుమ ఈయన్ని కూర్చోబెట్టారు. మార్చి నెలాఖరుకల్లా ఖర్చు అంచనా రాసి, రెండు వైపులవాళ్లూ దాని మీద చేవ్రాలు చేసి నెల్లూరు పంపాలి. పంపకపోతే సొమ్ము వెనక్కి పోతుంది, పనులు ఆగిపోతాయి. అదీ ఏర్పాటు. నేను ఆ కమిటీకి రాయసగాణ్ణి. వాళ్లు చెప్పింది రాయాలి, నేను నోరు తెరవకూడదు. నాలాంటి నోటి దురుసు మనిషికి అంతకంటే పెద్ద శిక్ష ఏ జైల్లోనూ ఉండదు.

మొదటి తగువే కమిటీ ఎక్కడ కూర్చోవాలని వచ్చింది. ఉదయగిరి అంటే ఆత్మకూరు వాళ్లు రారు. ఆత్మకూరు అంటే ఉదయగిరి వాళ్లకు తలకొట్టేసినట్టు. సగాలాయన మనుషుల్ని పెట్టి దారి పొడవునా గొలుసుతో కొలిపించి, రెండు ఊళ్లకీ సరిసమాన దూరంలో ఒక గూటం కొట్టించాడు. గూటం పడిన చోట ఊరు లేదు, సత్రం లేదు, ఒక చెట్టయినా లేదు. తంగేడు పొదలూ పలుగురాళ్లూ. కొంచెం ముందుకు జరిగితే చల్లని చింతతోపు ఉంది. అది ఆత్మకూరు వైపుకి పడుతుందని ఉదయగిరి వాళ్లు ఒప్పుకోలేదు. సరేనని గూటం మీదే తాటాకు పందిరి వేశారు. కమిటీ పెట్టిన మొదటి ఖర్చు ఆ పందిరే. నేనే రాశాను.

అవి ధాత కరువు రోజులు. తొలకరి రాలేదు, కార్తీకంలో రావలసిన వానా రాలేదు. సీతారామపురం అవతల మా పల్లె. చెరువు అడుగు నెర్రెలు విచ్చింది. ఉన్న ఒక్క బావిలో చెంబు ముంచితే బురద వచ్చేది. జనం నాగజెముడు కాయలు కూడా తిని, అవీ అయిపోయాక, తూర్పున కాలవ తవ్వుతున్నారట, కూలి ఇస్తారట అని చెప్పుకుంటూ మూటలు నెత్తిన పెట్టుకుని వెళ్లిపోతున్నారు.

మా అక్క మాత్రం కదలనంది. మా అమ్మ పోయాక నన్ను పెంచింది ఆమే. పెళ్లయిన ఏడాదికే మొగుడు పోతే తిరిగి వచ్చి, ఇంటినీ చేనునీ నన్నూ మోసింది. ఆమెకు ఒక బర్రె ఉండేది. ఒక కొమ్ము వంకర. దాని తల్లి పాలమ్మే నన్ను ఉదయగిరిలో చదివించింది. నేను జీతం రాళ్లతో వచ్చి, ఉదయగిరికి పోదాం రమ్మంటే, "బర్రెనేం జేద్దాం రా? అంత దూరం నడిస్తే అది చస్తాది. కొనేవాడా, లేడు. మనూరి కాడ బావి తవ్వుతారంట గదా. నీళ్లు పడితే నేనూ బతుకుతా, అదీ బతుకుతాది" అనేది. బావికి జాగా కూడా చూసి పెట్టారు. పది నిలువులు తవ్వితే, అంటే పది మంది మనుషుల ఎత్తు దిగితే, నీళ్లు ఖాయమని ఊరంతా అనేది. అక్క రోజూ బర్రెను తోలుకుపోయి ఆ జాగాలో నిలబెట్టి, "ఇదిగో, ఈడే నీకు తొట్టి కట్టిస్తా" అని దానితో చెప్పేది. నవ్వుకుంటారేమో, అది వింటున్నట్టే నిలబడేది.

మార్చిలో పందిరి కింద కమిటీ కూర్చుంది. సొమ్ము ఒక్క బావికే ఉంది. ఉదయగిరి వైపు పెద్ద ఒక బట్టతలాయన. ఆత్మకూరు వైపు పెద్ద ఒక మీసాలాయన. ఇద్దరూ మొహాలు చూసుకోరు. ఏం చెప్పినా సగాలాయనకే చెబుతారు.

"ఆత్మకూరోళ్లకి పెన్న ఉండాది. ఇసక గీకితే చెలమలో నీళ్లు ఊరతాయి. మాకేముండాది? కొండ ఉండాది. కొండని పిండితే నీళ్లొస్తాయా?" అన్నాడు బట్టతలాయన.

"పెన్నని మా ఇంటి వసారాలో కట్టేసుకోనుండామా?" అని మీసాలాయన లేచాడు. "అనంతసాగరం దాటినాక మా మెట్ట పల్లెలకి పెన్న ఎంత దూరమో ఆయన్నొచ్చి నడిచి చూడమను. శిస్తు కట్టేది మేం ఎక్కువ. బావి వాళ్లకా?"

"శిస్తు కట్టినోళ్లకే దప్పికయితాదా?"

"మీకు బావి రాస్తే మేం చేవ్రాలు చెయ్యం."

"మీకు రాస్తే మేం చేస్తామా?"

రెండు రోజులు ఇదే. మార్చి అయిపోవస్తోంది. సొమ్ము వెనక్కి పోయేట్టుంది. రెండో రోజు పొద్దు వాలాక సగాలాయన ఆకు తీశాడు. అటు గీశాడు, ఇటు గీశాడు. ఈనె చెవి మీద పెట్టుకున్నాడు.

"ఎవురినీ నొప్పించేది లేదు నాయనా. రెండు బావులూ తవ్విద్దాం. ఆడ అయిదు నిలువులు, ఈడ అయిదు నిలువులు."

బట్టతలాయన గడ్డం నిమురుకున్నాడు. మీసాలాయన మీసం నిమురుకున్నాడు. "దీంట్లో న్యాయం ఉండాది" అని ఇద్దరూ ఒకేసారి అన్నారు.

నేను ఆగలేకపోయాను. "అయ్యా, నీళ్లు పది నిలువుల కాడ ఉండాయి. అయిదు నిలువులు తవ్వితే అది బావి కాదయ్యా, గుంత" అన్నాను.

తొమ్మిది మంది తలలూ నా వైపు తిరిగాయి. మీసాలాయన "రాయసగాడివి, రాయి" అన్నాడు. సగాలాయనకు మాత్రం కోపం రాలేదు. నా భుజం తట్టి, ఎంతో ప్రేమగా చెప్పాడు. "అబ్బయ్యా, ఇది నీళ్ల సంగతి గాదు. ఒప్పుదల సంగతి."

మర్నాడు రెండు వైపులా డప్పులు మోగాయి. ఆత్మకూరు వాళ్ల నోట్లోంచి బావి లాక్కొచ్చామని ఉదయగిరిలో, ఉదయగిరి వాళ్ల నోట్లోంచి బావి లాక్కొచ్చామని ఆత్మకూరులో. నెల్లూరు నుంచి సగాలాయనకు మెప్పు వచ్చింది. ఎన్నేళ్లుగానో తేలని తగువును తేల్చాడట. మా అక్క కూడా సంతోషించింది పాపం. పని మొదలైందంటే నీళ్లు పడేదాకా ఆపరు కదా అనుకుంది. మనిషన్నవాడు ఎవడైనా అంతే అనుకుంటాడు.

ఎండలు ముదిరేసరికి అయిదు నిలువులూ అయిపోయాయి. మట్టి పిండిలా పొడిగా వస్తోంది. సొమ్ము అంతే కాబట్టి పలుగులు ఆపేశారు. మా ఊరి బావి చూడడానికి సగాలాయన గొడుగు వేయించుకుని, బండి కట్టించుకుని వచ్చాడు. వెంట నేనూ ఉన్నాను. ఊళ్లో మిగిలిన కొద్దిమందీ గట్టు మీదికి చేరారు. ఆయన బావిలోకి తొంగి చూసి, "శానా లోతే వచ్చినాదే" అని మెచ్చుకున్నాడు.

మా అక్క ముందుకు వచ్చింది. "పైనుంచి చూస్తే ఏం తెలస్తాది సామీ? అడుక్కి దిగి చూసుకో. నువ్వు తవ్విచ్చిందే గదా."

ఆయనకు గొప్పగానే అనిపించినట్టుంది. మట్టి తోడే పెద్ద గంపలో కాళ్లు ముడుచుకుని కూర్చున్నాడు. నలుగురు మోకు పట్టుకుని దించారు. గిలక కిర్రుకిర్రుమంటోంది. ఆయన తల కిందికి, ఇంకా కిందికి పోతోంది. ఉన్నట్టుండి అక్క చెయ్యి ఎత్తింది. మోకు ఆగింది.

"ఏందమ్మా, ఆపినారే?" లోపలి నుంచి ఆయన గొంతు వచ్చింది.

"సగం దింపినాం సామీ. మిగిలిన సగం వచ్చే ఏడు."

గట్టు మీద ఎవరికీ తిండి లేదు. అయినా అందరూ పగలబడి నవ్వారు. కరువులో మా ఊరు నవ్వడం అదే మొదలు. ఆయన కంగారుపడి పైకి చూసేసరికి తలపాగా జారి అడుక్కి పోయింది. అడుగున పనిముట్లు సర్దుకుంటున్న కూలివాడు దాన్ని పైకెత్తి చూపిస్తూ, "తలపాగా తడవలా అయ్యగారూ!" అని కేక పెట్టాడు.

"అమ్మా, తల్లీ, కోప్పడబాకండి. యాడో ఒక నడిమి దారి ఉండే ఉంటాది..."

"నడిమిలోనే ఉండావు గదా" అంది అక్క. "దారి ఎతుక్కో."

గంప నెమ్మదిగా తిరుగుతోంది. ఆయన ఒకసారి ఈ గోడనూ ఒకసారి ఆ గోడనూ చూస్తున్నాడు. పైకీ కాదు, కిందికీ కాదు. నా ఉద్యోగం పోతుందేమోనని భయం వేసింది. అబద్ధం ఎందుకు చెప్పాలి, మనసులో మాత్రం పండగగా ఉంది.

కాసేపటికి ఆయన గొంతు మారింది. "నీళ్లు పడాలంటే ఇంకా ఎంత తవ్వాల తల్లీ?"

"నీళ్లు ఉండేంత లోతు తవ్వాల. ఇంక దాంట్లో ఏముండాది?"

"సరే. కరువు పనులకని ఇంకొంచెం సొమ్ము వస్తా ఉండాది. అది మొత్తం ఈ బావికే. నా మాట. పైకి లాగండమ్మా."

లాగారు. ఆయన గంపలోంచి దిగి, దుమ్ము దులుపుకుని, రొంటినున్న ఆకుల పొట్లం విప్పాడు. ఒక ఆకు తీశాడు. నేను ఆ గోటి వైపే చూస్తున్నాను. గోరు కదల్లేదు. ఆకును చీల్చకుండా అట్లాగే మా అక్క చేతిలో పెట్టాడు. ఆయన నిండు ఆకు ఒకరికి ఇవ్వడం అప్పుడే చూశాను. అక్క దాన్ని కొంగున ముడివేసుకుంది.

నెల తిరిగేసరికి ఆ కరువు సొమ్ము వచ్చింది. మళ్లీ పందిరి, మళ్లీ కమిటీ. వచ్చిన సొమ్ముతో ఒక బావికి మిగిలిన అయిదు నిలువులూ తవ్వొచ్చు. రెంటికీ చాలదు. సగాలాయన గొంతు సవరించుకుని, ఎటూ చూడకుండా, "ఈసారి మొత్తం సీతారామపురం వైపు బావికి ఇచ్చేద్దాం" అన్నాడు.

మీసాలాయన అగ్గయిపోతాడని అందరికీ తెలుసు. అయ్యాడు కూడా. కానీ ఉదయగిరి బట్టతలాయన ఏం చేశాడో వినండి. బావి వాళ్ల తాలూకాదే. రెండు చేతులతో అందుకోవాలి కదా? ఆయన కళ్లు చిన్నవి చేసి సగాలాయన్ను పైనుంచి కింది దాకా చూశాడు.

"మొత్తమా? మొత్తం మాకా? ఈయన మొత్తం ఇస్తా ఉండాడంటే దీంట్లో ఏదో మోసం ఉండాది."

"నేనూ అదే అంటా ఉండా బావా" అన్నాడు మీసాలాయన.

బావా! ఏడాదిగా మొహాలు చూసుకోనివాళ్లకు ఆ పందిరి కింద చుట్టరికం పుట్టుకొచ్చింది. ఇద్దరూ ఒక పక్కకు జరిగి గుసగుసలాడుకున్నారు. ఆ బావి పక్కన సగాలాయన దొంగతనంగా భూమి కొన్నాడని ఒకరు, కాదు, మా తాలూకాకు అన్నీ ఇచ్చేశామని చెప్పి వచ్చే ఏడు రోడ్డు ఎగ్గొట్టాలని చూస్తున్నాడని ఒకరు. కమిటీ పుట్టాక రెండు వైపులూ ఏకమైంది ఆ ఒక్కరోజే. అదీ మా అక్క నోటి దగ్గరి నీళ్లను లాగేయడానికి.

సగాలాయన నిలబడే ఉన్నాడు. నేను మనసులో "కూర్చోబాకు, కూర్చోబాకు" అనుకుంటున్నాను. ఒకసారి నా వైపు చూశాడు. ఆ తర్వాత కూర్చుని, పొట్లం విప్పి ఆకు తీశాడు. ఈసారి గీత వంకర పోయింది. ఈనె ఒక ముక్కతోనే ఉండిపోయింది. ఆ ఈనె ఎవరిదని మళ్లీ చిన్న తగువు.

"అయితే నాయనా, ఆడ రెండున్నర నిలువులు, ఈడ రెండున్నర నిలువులు" అన్నాడు.

ఒక్క క్షణంలో చేవ్రాళ్లు పడిపోయాయి. పంచెలు దులుపుకుని లేచారు. బావలిద్దరూ మళ్లీ పగవాళ్లయి ఎవరి దారిన వాళ్లు పోయారు.

ఏడున్నర నిలువుల దగ్గర మా బావిలో మట్టి చల్లగా తగిలింది. అక్క ఆ మట్టి గుప్పెడు తెచ్చి బర్రె ముట్టెకు రాసింది. అది నాలుకతో నాకి, ఇంకా కావాలని తల ఎత్తింది. అక్కడితో సొమ్ము అయిపోయింది. ఊళ్లో మిగిలినవాళ్లు చేతులతోనైనా తవ్వుదామని దిగారు. రాయి అడ్డం తగిలింది. ఆకలి కడుపులతో రాతిని ఎవరు పగలగొట్టగలరు?

అప్పుడు అక్క బయల్దేరింది. తూర్పున కాలవ పనికి పోయేవాళ్లతో కలిసి, బర్రెను తోలుకుని. ఆత్మకూరు దాకా సాగనంపుదామని నేనూ వెంట నడిచాను. ఉదయగిరి దాటాం. బర్రె కాళ్లు తడబడుతున్నాయి. ఆగుతుంది, అక్క గొంతు వింటే మళ్లీ నడుస్తుంది. ఆ తంగేడు పొదల దగ్గరికి వచ్చేసరికి ఇంక నావల్ల కాదన్నట్టు, దారి మీద ఉన్న ఒకే ఒక్క నీడలోకి వెళ్లి పడుకుంది. ఆ నీడ మా కమిటీ పందిరిదే. గూటం పక్కనే తల వాల్చింది. అక్క కొంగుముడి విప్పి, ఎండి పెళుసుబారిన ఆ నిండు ఆకు తీసి దాని నోట్లో పెట్టింది. అది నమల్లేదు. ఆకు నోట్లోనే ఉంది, ప్రాణం పోయింది.

అక్క అప్పుడు ఏడవలేదు. నేను ఏడ్చాను. ఆ రోజు సగాలాయన నాకు ఎదురుపడి ఉంటే ఏం చేసేవాణ్ణో నాకే తెలియదు. అక్క బర్రె వంకరకొమ్మును కాసేపు పట్టుకుని కూర్చుని, లేచి, పోయేవాళ్లతో కలిసి నడిచి వెళ్లిపోయింది.

తర్వాతి కమిటీకి పందిరి చోటు మార్చారు, వాసన వస్తోందని. అటు ఎంత జరిపారో ఇటు అంత జరపాలి కనుక రెండు పందిళ్లు వేశారు. సగాలాయన నన్ను పక్కకు పిలిచి, "మీ యక్క బాగుండాదా అబ్బయ్యా?" అని అడిగాడు.

"సగం బాగుండాదయ్యా" అన్నాను.

ఆయన దవడ ఆడడం ఆగిపోయింది. కాసేపటికి మళ్లీ వక్క నమలడం మొదలుపెట్టి పందిట్లోకి వెళ్లాడు.

ఎట్టకేలకు వానలు పడ్డాయి. ఎండినప్పుడు రాని నీళ్లు, అక్కర తీరాక ఆకాశం నుంచి వచ్చి రెండు గుంతల్లోనూ నిండాయి. సగాలాయన రెండింటికీ తిరిగి చూసుకుని వచ్చి, "చూసినావా అబ్బయ్యా? రెండు బావుల్లోనూ నీళ్లే. సమానంగా" అన్నాడు. హాస్యానికి అనలేదు. నమ్మి అన్నాడు. ఆ మనిషితో వచ్చిన చిక్కే అది.

ఆ గుంతల్లో మేకలు పడి చస్తున్నాయని జనం మొత్తుకుంటే, చుట్టూ గోడ కట్టాలని మరుసటి అంచనాలో వచ్చింది. నడుమెత్తు గోడ కావాలని ఉదయగిరి వాళ్లు, గోడే అక్కర్లేదు, కంప కొట్టి వేస్తే చాలని ఆత్మకూరు వాళ్లు. సగాలాయన ఆకు చీల్చాడు. మోకాలెత్తు గోడ కట్టారు. అంతకుముందు మేకలే పడేవి. ఆ తర్వాత గోడ తట్టుకుని మనుషులు కూడా పడడం మొదలుపెట్టారు. ఆ అంచనా కూడా నేనే రాశాను. అదే నేను ఆ కమిటీకి రాసిన ఆఖరి కాగితం. ఉద్యోగం వదిలేసి ఉదయగిరిలో పిల్లలకు చదువు చెప్పుకుని బతికాను.

అక్క వానలు పడ్డాక తిరిగి వచ్చింది. సగం మనిషయి వచ్చిందని రాయబోయి కలం ఆపాను. ఆ మాట ఆమె గురించి రాయడానికి చెయ్యి రాలేదు. బక్కచిక్కి వచ్చింది, అంతే. అప్పటి నుంచి నా దగ్గరే ఉంది. మళ్లీ బర్రెను మాత్రం పెంచలేదు. కొందామని ఎన్నిసార్లు అడిగినా "ఎందుకు లేరా" అంటుంది.

బండివాడు వెళ్లిపోయాక లోపలికి వెళ్లాను. అక్క చేటలో కొర్రలు చెరుగుతోంది. ఆమెకు చూపు తగ్గింది గానీ నోరు తగ్గలేదు.

"అక్కా, సగాలాయన పోయినాడంట."

చేట ఆగింది. "మొత్తంగానే పోయినాడా?" అంది.

నాకు మళ్లీ నవ్వు పొంగుకొచ్చింది. ఆమె మొహం చూస్తే ఆమె నవ్వడం లేదు. చేట పక్కన పెట్టి, మోకాళ్లు పట్టుకుని లేచింది.

"ఒరే, చెంబుతో నీళ్లు తీసుకరా. ఆయన పేరు చెప్పి గడప బయట వదులుదాం."

"మనకేం చుట్టమా, పక్కమా? ఆయనకి నువ్వు నీళ్లు వదిలేదేంది?" అన్నాను. నిజంగానే నాకు కోపం వచ్చింది. ఆ పందిరి, ఆ వంకరకొమ్ము కళ్ల ముందుకు వచ్చాయి. "సరేలే. ఎన్ని నీళ్లు? ఆయనకి సగం చెంబు చాలులే."

"నోర్ముయ్‌" అంది అక్క. "నిండా ముంచుకోని రా. దప్పికలో సగం ఏందిరా?"